దూలాల విందు

చిలీలోని వాల్పరైసో ఊళ్ళో కొండమీద కొత్త ఇంటికి పైకప్పు దూలాలెక్కాయి. ఆనవాయితీగా యజమాని పనివాళ్ళకి మాంసం విందు పెట్టాడు. తాపీమేస్త్రీ కంచం పక్కన కూతురు బ్యాంకు కాగితం పెట్టింది.

"ఆర్కిటెక్చర్ సీటొచ్చింది నాన్నా. అప్పుకి హామీ సంతకం కావాలి."

"ఎన్నేళ్ళు కట్టాలి?"

"ఇరవై. ఈ ఇంటి ప్లాను గీసిన ఒర్లాండో గారు అప్పు కట్టట్లేదా?"

"అడుగో, ఏం చేస్తున్నాడో చూడు."

"మాంసం... కాగితంలో చుట్టుకుంటున్నాడు."

"రేపటికి. చదువై పదేళ్ళు. సంపాదన నాకంటే తక్కువ, అందులో సగం బ్యాంకుకే."

ఆమె కాగితం మడవబోయింది.

"ఉంచు. పెన్నివ్వు."

"ఇంత చెప్పి సంతకమేంటి నాన్నా?"

"ఈ చేతులు చూడు, ఒక్క వేలైనా తిన్నగా ఉందా? ఇంతకంటే మంచి దారి నాకు తెలిస్తే పెడతానా తల్లీ?"