గడియ పెట్టుకున్న అతిథి

స్వీడన్ నుంచి సెలవులకని జావా వచ్చి, తమ ఇంట్లో జ్వరంతో పడకేసిన పిల్ల గది ముందు ఇంటావిడ అల్లం కషాయంతో నిలబడి, మొగుడి మీద మండిపడుతోంది.

"పలకరించడానికి వీధి వీధంతా వస్తే గడియ పెట్టుకుంటుందా? ఎంత పొగరు!"

"మెల్లిగా! ఒళ్ళు కాలిపోతోంది, పడుకోనీ."

"ఒంట్లో చేరిన గాలి పోతుందని, వీపుకి నూనె రాసి నాణెంతో గీకబోతే చంపుతున్నట్టు కేకలేసిందండీ!"

"వాళ్ళకదేం తెలుసే? అక్కడ జ్వరమొస్తే మనిషిని ఒంటరిగా వదిలేస్తారట."

"కన్నతల్లి కూడానా?"

"తల్లి వేరే ఊళ్ళోనట. ఎప్పుడు జబ్బుచేసినా ఈ పిల్ల తలుపేసుకుని పడుకోవడమేనట."

ఆవిడ కషాయం గ్లాసు మొగుడి చేతిలో పెట్టి, గుమ్మానికి అడ్డంగా చాప పరిచింది.

"గడియ పెట్టుకుంటే పెట్టుకోనీ. నేనిక్కడే కూర్చుంటా. ఒంటరిగా ఎలా ఉంటుందో చూస్తా!"