అచ్చుకెక్కని అంచు అక్షరాలు

ఆ పుస్తకంలో అంచులు అంత వెడల్పుగా, ఖాళీగా ఎందుకున్నాయనా? భలే పట్టావే మనవరాలా! ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అది మా అంచు ఫాదర్ రాసిన జ్ఞానోపదేశం, అదే మతబోధ పుస్తకం. ఫాదర్లు కాబోయేవాళ్ళు చదివే సెమినరీలో దైవశాస్త్రం చెప్పేవారులే. ఏ పుస్తకం చేతికిచ్చినా అంచున పెన్సిలుతో ఏదో ఒకటి రాయాల్సిందే, అందుకే ఆ పేరు. పోయి నలభై ఏళ్ళు దాటింది. నడుస్తుంటే నేల మీద కాదు, నిలిచిన నీళ్ళ మీద నడుస్తున్నట్టుండేది. చెప్పులు మాత్రం ఎడమది కుడికి, కుడిది ఎడమకి... సర్లే, ఎక్కడున్నాం? ఆఁ, అంచులు. రాతప్రతిలో ప్రతి బోధన పక్కనా ఒక బుల్లి అక్షరం పెట్టేవారు. 'వి' ఉంటే విశ్వాస సత్యం, తిరుసభ, అదే మన క్యాథలిక్ సభ, పొరపడకుండా చెప్పిన మాట. 'ని' ఉంటే నిశ్చయమే, కానీ అంత పెద్దపీట కాదు. 'అ' ఉంటే పండితుల అభిప్రాయం. "అన్నీ ఒకే గొంతుతో చదవకండ్రా, కొన్ని రాయి, కొన్ని మట్టి" అనేవారు, ముక్కుతో. ఆ పుస్తకం అచ్చేసిన మా ప్రెస్సులో ఆ బుల్లి సీసపు టైపు అరిగిపోయింది. ఆయనేమో జ్వరంతో మంచాన పడ్డారు. అక్షరాలు పేర్చే కంపోజింగ్ పని నాది. ఎవరు చూడొచ్చారులే అని ఆ అక్షరాలు తీసేశాను. అంతే, రాయీ మట్టీ ఒకే సైజులో అచ్చయిపోయాయి.

ప్రెస్సుకి ఎదురుగా పూజ వస్త్రాలు కుట్టే టైలరమ్మ ఉండేది. ఆవిడకి కొడుకు పుట్టి, గంటైనా కాకుండానే, జ్ఞానస్నానం, అదే బాప్తిస్మం, అందకుండానే పోయాడు. ఊళ్ళో మతం బోధించే ఉపదేశి వచ్చి మన పుస్తకమే తెరిచాడు. "జ్ఞానస్నానం లేని పసివాళ్ళు లింబోలో ఉంటారమ్మా, అటు మోక్షమూ ఇటు నరకమూ కాని చోట. బాధ ఉండదు, కానీ దేవుణ్ణి చూడరు. ఇదిగో, అచ్చులో ఉంది!" చెడ్డవాడు కాదు పాపం, ఉన్నదే చదివాడు. అప్పట్నుంచీ ఆవిడ బిడ్డ పేరు ఎత్తలేదు. ఎత్తితే వాడు అక్కణ్ణుంచి తిరిగి చూస్తాడట, దగ్గరికి రాలేక ఏడుస్తాడట. మిషను తొక్కుతూ తొక్కుతూ కాళ్ళు ఆగిపోయేవి, సూది గాల్లోనే ఉండిపోయేది.

ఫాదర్ కోలుకుని ప్రెస్సుకొచ్చిన ఒక మధ్యాహ్నం ఆవిడ పుస్తకం పట్టుకొచ్చింది. కిటికీ వెలుగులో కాగితపు నలుసులు తేలుతున్నాయి, అంతా కల్లో జరిగినట్టే గుర్తు నాకు. ఆయన పేజీ చూశారు, నన్ను చూశారు. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇక్కడ 'అ' ఉండాలమ్మా" అన్నారు. "అంటే అబద్ధమా ఫాదర్?" "అబద్ధమనను. తీర్పు కాని మాట." "వందల ఏళ్ళుగా అందరూ చెప్పారటగా?" చూశావా, కత్తెరలాంటి ప్రశ్న! ఆయన నిదానంగా, "పదిమంది నోట పడితే చాలదు తల్లీ. పోపుగారు అందరి కాపరిగా, విశ్వాసం గురించో నీతి గురించో, తిరుసభ మొత్తం పట్టుకోవాలని తీర్పుగా చెప్పాలి. లేదా ఆయనతో కలిసి బిషప్పుల మహాసభ చెప్పాలి. లేదా లోకంలోని బిషప్పులంతా ఎక్కడివాళ్ళు అక్కడే ఉండి, ఆయనతో ఒక్కమాటగా, దీనికి తిరుగులేదని బోధించాలి. అదీ తేటతెల్లంగా తెలియాలి. అనుమానముంటే ఆ ముద్ర వెయ్యకూడదు. లింబోకి వీటిలో ఒక్కటీ లేదు" అన్నారు.

"మరి మావాడు దేవుడి దగ్గరున్నాడని ముద్ర వేస్తారా?" అంది. అబ్బ... ఆయన జేబులోంచి పెన్సిలు తీశారు, కానీ రాయలేదు. "వెయ్యలేనమ్మా. జ్ఞానస్నానం కావాలన్నది రాయిలాంటి మాట. అందరూ తన దగ్గరికి చేరాలని దేవుడు కోరుకుంటాడన్నదీ రాయే. ఆ రెంటి మధ్యా నీ బిడ్డ ఎక్కడున్నాడో ఎవరూ తీర్పు చెప్పలేదు. ఆశపడటానికి అడ్డు లేదు. నేనూ ఆశపడుతున్నా." పెన్సిలు ఆవిడ చేతికే ఇచ్చారు. వంకరటింకరగా 'అ' పెట్టింది. పెట్టి, దాన్నే చూస్తూ చూస్తూ, బిడ్డ పేరు పైకి అంది. మొదటిసారి.

ఏం పేరా? ఆవిడ పెన్సిలు పట్టగానే నేను వెళ్ళి అచ్చు మెషీను వేశానమ్మా. ఆ చప్పుడులో వినపడలేదు, పెదాలు కదలడమే చూశాను. మళ్ళీ అంది. మళ్ళీ మళ్ళీ అంది. మెషీను ఆపొచ్చుగా అంటావు. నా చెయ్యి స్విచ్చు మీదే ఉంది, ఆ అక్షరాలు తీసేసిన చెయ్యే. నొక్కలేకపోయాను...

మీ అమ్మ ఇంకా రాలేదేం?