నాలుగు సీట్ల నెత్తురు

ఏమయ్యా సామ్యూలు నాయినా, ఇన్నవా? నీ నెత్తురే నీకు దగా జేసిందట! బయటి దుష్మన్ గాదయ్యా, నీ ఒంట్ల పారే నెత్తురే!

ఆరు నెలల సంది నీ సమాధి దిక్కు కన్నెత్తి సూడలే నేను. ఎందుకొస్త? పాస్టరయ్య ముంగట బైబిలు మీద చెయ్యి వెట్టి, కల్లు ముట్టనని ఒట్టేసినోనివి. ఒట్టు తప్పినవనే అనుకున్న. నువ్వు తోలే మోటరు బస్సు యజమాని లింగమూర్తి గూడ నీ పేరు దీసి నలుగుట్ల గదే మాటన్నడు. "ఇశ్రాయేలు తాగి పండిండు, పండినోడు లేవలే" అని. నీ మొగం జూస్తె గట్లనే ఉండె. సచ్చినోని మొగం తెల్లవడాలె గద? నీది ఎర్రగ, ఆకు వక్క ఏసుకున్నట్టు ఎర్రటి పెదవులు!

నిన్న డాక్టరమ్మ అడిగింది. సిద్దిపేట దవాఖానల ఊడ్సే పనికి కుదిరిన లే, నీకు తెల్వది. "మీ ఆయిన ఎట్ల పోయిండు బాలవ్వా?" అన్నది. జెప్పిన. ఎర్రటి మొగం సంగతి గూడ జెప్పిన. చేతిల పని ఇడిసిపెట్టి నా దిక్కే సూసింది. "యాడ పండిండు?"

మోటరు షెడ్డుల, తలుపేసుకొని, చల్లారని బొగ్గు పొయ్యి పక్కన అన్న.

పాడు లడాయి! దేశాలు కొట్లాడుకోవట్టె, పెట్రోలు దొరకదాయె. మోటరెనుక పొయ్యి గట్టి, బొగ్గు కాల్చి, గా గ్యాసుతోని కొమురెల్లి జాతరకు మందిని తోలితిరి. పొయ్యి కారుతున్నదని నువ్వెన్నిసార్లు మొత్తుకోలే? "రేపు జూద్దాం తియ్యి" అనె లింగమూర్తి.

నీ మోటరు లెక్కనే సమజు జేసిందయ్యా ఆమె. నెత్తుర్ల ఎర్రటిదొకటుందట, హిమోగ్లోబిన్ అట, నాకు నోరు తిరగది. దానికి నాలుగే సీట్లు. ఊపిరితిత్తుల కాడ మంచిగాలి ఎక్కుతదట. ఒకటెక్కితె తతిమ్మవి జల్ది ఎక్కుతయట. మెదడు కాడ, గుండె కాడ దిగుతయట. గంతే, బతుకుడంటె గదే!

మరి బొగ్గు గ్యాసు? ఎక్కిందా, దిగది! పక్క సీట్లున్న మంచిగాలిని గూడ దిగనియ్యది. నెత్తురు మస్తు ఎర్రగుంటది, మనిషి లోపట్లోపట సస్తడు. పానం నిలిపేదాని కంటె పానం దీసేదాన్నే రెండొందల రెట్లు గట్టిగ పట్టుకుంటదట మన నెత్తురు! గింత నమ్మకద్రోహం యాడనన్న ఉన్నదా?

"తల నొస్తది, వాంతులైతయి, తూలుతరు. కల్లు తాగినోల్ల లెక్కనే కొడ్తది" అన్నది డాక్టరమ్మ. నా చేతిల చీపురు జారి కింద పడ్డది.

ఎందుకో ఆమెకు జెప్పలే. నీకెరికే గద.

గా దినం పొద్దు నెత్తి మీదికొచ్చినంక తూలుకుంట ఇంటికొస్తివి. "బాలీ, తలకాయ పగులుతుంది, జర పండుకుంట" అంటివి. గడప కాడ్నే వాంతి జేసుకుంటివి. నేనేమన్న? "తాగుబోతోడా, పో, నీ మోటరు కాడనే పండు!" అని తలుపేసి గడియ పెట్టిన. జరసేపు గోడ పట్టుకొని నిలవడ్డవు. కిటికీల కెళ్లి సూసిన. పోయినవు.

నెత్తురు దగా జేసిందంటి గద. దానికేమెరుక, ఎక్కినోన్ని మోస్తది. గా గ్యాసుకు వాసనే లేదట.

కల్లుకుంటది గదయ్యా. నాకు ముక్కుండె. ఒక్కసారి దగ్గరికొచ్చి నీ నోరు వాసన సూడలే.