గూటికి ఐదు ముళ్లు

కూర్చోండి టీచరమ్మా. సెల్వీ, టీచరమ్మకి చక్కెర తక్కువగా ఒక టీ. నాకు ఎప్పటి మాదిరే, పాలు పేరుకి వేసి. పొన్‌రాజ్, నువ్వూ తెలుసుకో. ఈ జానకియమ్మాళ్ టీచరమ్మ తూత్తుకుడి కాలేజిలో మా అమ్మాయి కార్తీకకి సముద్రపు జీవుల చదువు చెప్పినవారు. నా జేబులో ఉన్న డబ్బీ కోసం బస్సెక్కి రాజపాళయం వచ్చినారు. ఇస్తాను. కథ అయినాక ఇస్తాను.

"పోయిన తడవ కూడా ఇదే చెప్పినారు. నమూనా మా దగ్గర లేకుంటే కొత్త జాతి అని అచ్చు వేయరు. కార్తీక పని అట్లే నిలిచిపోతుంది," అనినారు టీచరమ్మ.

పోయిన తడవ కథ పూర్తి కాలేదు.

డబ్బీలో ఉండేది ఎండిన నాచు ముక్క. దాని మీద తెల్లగా వల మాదిరి పరుచుకున్నది బ్రయోజోవన్ అంట. కంటికి ఆనని జీవులు, వందలకొద్దీ పక్కపక్కన గూళ్లు కట్టుకుని ఉంటాయి. మన పొన్‌రాజ్ షేర్ ఆటో మాదిరే, అయితే వాటికి కాళ్లు బయట వేలాడవు.

"నా ఆటోని ఎందుకు లాగుతారు మామా."

ముప్పై ఏండ్లుగా సత్రపట్టి బ్యాండేజి మిల్లులో గుడ్డ నేత సరి చూసే చెకర్ని నేను. అంగుళానికి ఎన్ని పోగులో భూతద్దం లేకుండా చెప్తాను. కార్తీక ఈ ముక్క చూపించిన రోజు ఒక్క చూపు చూసినాను, అంతే. తెలిసిన జాతికి గూటి నోటి చుట్టూ నాలుగు ముళ్లు, దీనికి ఐదు, ఇది కొత్తది అని చెప్పేసినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లండన్ మ్యూజియం నుంచి ఫోను, బాలగురుస్వామి సారు ఉన్నారా అని. తింటా ఉన్నారు, తర్వాత చేయండి అని మా ఇంటామె శివకామి ఫోను పెట్టేసింది.

"అత్తకి ఇంగ్లీషు వస్తుందా?"

ఆ లండన్ వాడు తమిళంలోనే అడిగినాడు. పని వాడిది కదా.

మళ్లీ ఫోను చేసి, ఒక్క ముక్క చాలదు, అన్నీ చూడాల అనినాడు వాడు. సముద్రానికి నేను పోవాలంటే మిల్లులో లీవు ఇవ్వరు. అందుకని సముద్రాన్నే రమ్మన్నాను. తూత్తుకుడి నుంచి రోడ్డెంబడే వచ్చింది, టోల్‌గేటు కాడ కాస్త ఆలస్యం. గుడ్డ పరిచి చూసే టేబులు మీద గజం గజం లాగి, మూడు షిఫ్టులు చూసినాను. గూటికి ఐదు, గూటికి ఐదు. చేపలు లోపలికి వస్తే మెషిన్ ఆగిపోతుందని గేటు బయట వరసలో నిలబెట్టినాము. మొత్తం ఎన్ని కోట్ల గూళ్లో చెప్పను, పొన్‌రాజ్‌కి నిద్ర పట్టదు.

"చెప్పండి మామా, ఎట్లాగూ పట్టదు."

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ లెక్క పట్టుకుని ఆసుపత్రికి పోయినాను. పోయిన ఐప్పసి నెల, వానల్లో, కార్తీకకి డెంగూ జ్వరం. మంచం పక్కన కూర్చుని, అన్నిటికీ ఐదే అమ్మా, నువ్వు రాసిందే సరి అని చెప్పినాను. చెప్పినానా, జ్వరం దిగింది. మరునాడు లేచి కూర్చుని రెండు ఇడ్లీ తినింది.

ఎవరూ నవ్వలేదు. పొన్‌రాజ్ గ్లాసులోకి చూస్తా ఉన్నాడు. సముద్రం టోల్‌గేటు దాటితే ఒప్పుకున్నవాళ్లు, రెండు ఇడ్లీల కాడ ఆగిపోయినారు.

సెల్వి స్టవ్వు తగ్గించింది.

"అన్నా, ఆ ఇడ్లీ నేనే కట్టి ఇచ్చినాను. పొట్లం విప్పకుండానే తిరిగి తెచ్చినారు. తినేదానికి పిల్ల లేకపోయె."

డబ్బీ తీసి బెంచీ మీద పెట్టినాను. మూత మీద కార్తీక చేతిరాత, గూటికి ఐదు అని. టీచరమ్మ వెంటనే తీసుకోలేదు. నా చెయ్యి దాని మీదనే ఉండింది.

"ఒకటి రాసుకోండి టీచరమ్మా," అనినాను. "ఆ పిల్ల ముక్క చూపించిన రోజు నేను భూతద్దం పెట్టి మరీ చూసినాను. బ్యాండేజి గుడ్డ ముక్క, అదీ నాసి సరుకు, పారేయి అనినాను. నా మాట వినకుండా ముళ్లు లెక్కపెట్టింది ఆ పిల్లే."