నేను మందు కొట్టిన వరసలు

"తాతయ్యా, కాలేజీ ప్రాజెక్టుకి మన కొత్త మామిడి మొక్కల మధ్య వేరుశనగ వేస్తానంటే ఎందుకు వద్దంటున్నావు?"

వద్దని కాదమ్మా... ఇలా కూర్చో, చెప్తాను. మీ నాన్నకి కూడా తెలీదు ఇది.

నువ్వు ఇంటర్లో ఉన్నప్పుడు, కాదు కాదు, పదో తరగతే అనుకుంటా, శ్రావణి అని ఒకమ్మాయి స్కూటీ మీద వచ్చేది, గుర్తుందా? వేరుశనగ మీద పరిశోధన చేసేది. పాత చెట్లు తీసేసి చిన్న మొక్కలు పెట్టాం కదా, ఆగిరిపల్లి రోడ్డు పక్క ముక్క, అందులో మధ్యనున్న ఖాళీలో వేసుకుంటానని అడిగింది. సరేనన్నాను. మా అమ్మ ఆ ముక్కలోనే వేరుశనగ పండించి నూనె ఆడించేది. ఆ రోజుల్లో రైతు ఇంట్లోకి నూనె కొనుక్కోవడమంటే నామోషీ... సర్లే, ఎక్కడికో పోతున్నాను.

ఆ అమ్మాయి వేసినవి ఆకుమచ్చ తెగులు తట్టుకునే రకాలు. ఆ గుణం గింజలోనే ఉంటుందట, పుట్టుకతోనే. మధ్య మధ్యలో, మచ్చకి ఇట్టే లొంగిపోయే పాత రకం కూడా కొన్ని వరసలు వేసింది. "తాతగారూ, దేనికీ మందు కొట్టొద్దండి. పాతవాటికి తెగులు బాగా రావాలి. అక్కణ్ణుంచి పక్కవాటికి పాకితేనే ఏది తట్టుకుందో తెలుస్తుంది" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. నాకు అర్థంకాక కాదమ్మా, అర్థమైంది.

వానలు పట్టాయి. పాత రకం ఆకులు నల్లమచ్చలు పడి, పసుపెక్కి రాలిపోతున్నాయి. అందులో రెండు వరసలు సరిగ్గా రోడ్డు పక్కనే. మీ నాయనమ్మ తమ్ముడు బండి ఆపి, "ఏంటి బావా, చేనుకి అమ్మవారు పోసిందా? వ్యవసాయం మర్చిపోయావా?" అన్నాడు. టీ కొట్టు దగ్గరా అదే మాట. నలభై ఏళ్లు చేసినవాణ్ణి కదా, తల కొట్టేసినట్టయింది. శుక్రవారం పొద్దున్నే స్ప్రేయరు భుజానికి తగిలించుకుని ఆ రెండు వరసలకీ కొట్టేశాను. పది రోజులాగి మళ్లీ కొట్టాను. కొత్త ఆకు పచ్చగా వచ్చింది. నాకు సంతోషమే వేసింది, చూడు మరి.

ఆ తర్వాతి వారం శ్రావణి వచ్చి, ఆకులు తిప్పి చూసి, నా దగ్గరకొచ్చింది.

"మందు కొట్టారాండీ?"

"లేదమ్మా."

"కొట్టినా ఫరవాలేదండి. ఎక్కడ కొట్టారో చెప్తే చాలు."

అంత నెమ్మదిగా అడిగింది. నేనేమో, "పక్క మామిడితోటలో కొట్టారు, గాలికి వచ్చిందేమో" అన్నాను. నోటికి ఎలా వచ్చిందో... అలా వచ్చేసింది.

 "గాలికి వస్తే చేనంతా పడ్డట్టేనండి" అని లెక్కలు రాసుకునే పుస్తకం మూసేసింది.

ఆ పంట మొత్తం లెక్కలోంచి తీసేయాల్సి వచ్చిందమ్మా. మళ్లీ ఏడాది ఇంకెక్కడో వేసుకుంది. నేను ఆ ఏడాదంతా నూజివీడు వెళ్లినప్పుడల్లా స్కూటీ మీద ఏ ఆడపిల్ల కనపడినా తల తిప్పుకునేవాణ్ణి.

చదువు పూర్తయ్యాక స్వీట్లు పట్టుకుని మనింటికొచ్చింది. అంత చేసిన నాకు, చూడు. అప్పుడు చెప్పేశాను, నేనే కొట్టానని.

"తెలుసండి తాతగారూ" అంది. "ఆ రెండు వరసల్లో ఆకు అడుగున కూడా మందు చారలున్నాయి. గాలికొచ్చింది అలా పడదు."

"మరి అప్పుడే అనలేదేమ్మా?"

"మీరే చెప్తారని చూశానండి. ఏయే వరసలకి కొట్టారో మీరు చెప్తే, అవి తీసేసి మిగతావి ఉంచుకునేదాన్ని. నా అంతట నేను ఊహించి రాయకూడదు కదా."

అంటే, ఆ పిల్ల ఏడాది పోయింది మందుకి కాదమ్మా, నా మాటకి. ఇంకెప్పుడైనా కావాలంటే మా చేను వాడుకోమన్నాను. నవ్వింది. 

అందుకే, నువ్వడిగితే భయమేసింది. చేనంటే కాదు, నేనంటేనే... వెయ్యి తల్లీ. మచ్చ వస్తే రానీ, ఎవడేమన్నా అననీ. నన్ను మాత్రం వచ్చినప్పుడల్లా అడుగు, ఏం కొట్టావు తాతయ్యా అని. మొహమాటపడకు, అడుగు. నువ్వు వేసింది నిలబడాలి, నువ్వు చల్లగా ఉండాలి. ఆ పిల్ల కూడా... ఎక్కడుందో ఏమో, ఆ పిల్ల కూడా...