ఎవురు పోయినారు?

మైకు ఆపకపోవడం తప్పే జియావుల్లా, కాదని ఎవురన్నారు? కూచో. నిలబడి అరిస్తే నీకే ఆయాసం. పీర్ సాహెబ్‌కు వయసైపాయ, బటన్ యాడుందో కూడా కనపల్యా, ఇంక అజాన్ ఫోన్లో నుంచే పెడదామని నా గురించి మసీదు కమిటీలో చెప్పినావంట. మంచిదేలే. ఫోనుకు దగ్గు రాదు, మతిమరుపు రాదు.

అయితే నిన్న జరిగింది జరిగినట్ల ఇను. ఆ మీద నీ ఇష్టం.

సాయంత్రం అసర్ అజాన్ ఇచ్చి ఇట్ల తిరిగినా, అంతే. కరెంటు పని చేసే షోయబ్ వచ్చి, కాళ్లూచేతులు కడుక్కునే తొట్టికాడ మోటరు కాలిపాయ మామా అనె. నా నోట్లో నుంచి ఏమొస్తాది? ఇన్నా లిల్లాహి, అంటి. సూది పోయినా మనోళ్లు అనే మాటే గదా అది. మనమంతా అల్లా సొత్తు, ఆయన కాడికే తిరిగి పోతాము అని. మోటరైతే జమ్మలమడుగుకు పోవాల, కాయిలు చుట్టించుకోను.

మైకు మాత్రం ఆపల్యా.

ఈ ఊర్లో మైకులో వచ్చే ఆ మాటకు ఒకటే అర్థమప్పా. రేషను బియ్యం వచ్చినాయన్నా, ఎవురిదో బర్రె తప్పిపోయిందన్నా మసీదు మైకులోనే చెప్తా గదా. ఎవురు సచ్చినా, రెడ్లైనా సాయిబులైనా, ముందు ఆ మాట అంటా, ఆనెంక పేరు చెప్తా. మైకు రాకముందు మా నాయన మెట్ల మీద నిలబడి అట్లనే అరిచి చెప్తాండె. నిన్న మాట పాయ, పేరు పోకపాయ.

పేరు చెప్పకపోతే మనుషులు ఊరికే ఉంటారా? వాళ్లే ఒక పేరు పెట్టుకునిరి. ఎవురి మనసులో ఎవురుంటే వాళ్లింటికి పరిగెత్తిరి. సగం ఊరు వేదవ్యాస అయ్యవారింటికి పాయ. ఆయప్ప పక్షవాతమొచ్చి మంచం మీదనే ఉండాడు గదా. వాకిట్లో జనాన్ని చూసి, ఇంగా పోలేదులే, వచ్చినోళ్లు వచ్చినారు, కాఫీ తాగి పోండి అనెనంట. పెండ్లాం స్వర్ణలతమ్మ పాలు చాలక పక్కింటికి ఉరికిందంట.

నవ్వు, నవ్వు. నేనూ నవ్వితి, నీ సంగతి తెలిసేదాకా.

నువ్వు యాడికి పోతివి? మీ మేనత్త ఖమర్‌బీ ఇంటికి. తప్పేం ల్యా. పొద్దుటూరు ఆసుపత్రి నుంచి ఆయమ్మను మొన్ననే తెచ్చినారు. బిడ్డల్యాని మనిషి, ఇంట్లో ఒక్కతే, మేనల్లునివి నువ్వు పోక ఇంకెవురు పోతారు? ఏడ్చుకుంటానే పోతివి. అది దొంగేడుపని నేననను. అయితే చేతిలో ఆ కొత్త తాళమెందుకప్పా?

ఆయమ్మ వాకిట్లో ఎండుమిరపకాయలకు తొడిమెలు తీస్తా కూచోనుండె. నీ మొగం చూసె, తాళం చూసె.

"ఎవురు పోయినార్రా?"

నువ్వు తాళం జేబులో దోపుకుంటివంట. చూసినోళ్లు చెప్పిరి. నిన్నటి నుంచి ఊరంతా అదే మాట, నాకు తెలుసు. దానికి నా మీద కోపమేంది? మైకు ఆపనిది నేనే. తాళం నేను కొనియ్యల్యా గదా?

సరే, రేపట్నించి ఫోనే పెట్టుకో. నాకూ సాలయింది. చలికాలం తెల్లారుజామున ఫజర్‌కు లేసి వస్తాంటే మోకాళ్లు పలకడంల్యా. బర్రె తప్పిపోతే యాడ చెప్పుకోవాల్నో మాత్రం ఊరోళ్లకు నువ్వే చెప్పుకో.

ఉండు, ఒక్క మాట. పొద్దున ఖమర్‌బీ నన్ను పిలిపిచ్చె.

"అన్నా, నేను పోయినప్పుడు మైకులో చెప్పాకు. చెప్పాల్సినోళ్లకు నువ్వే నడిచిపోయి చెప్పు" అనె.

సరేమ్మా అంటి. జియావుల్లా ఇంటికి పోవాల్నా, అని అడిగితి.

మిరపకాయల చాట పక్కకు జరిపె.

ఇంకోసారి అడిగితి. టీ తాగుతావా అన్నా, అనె.

తాగొస్తి. ఇంకేం చేసేది?