పన్నెండో ఫ్లూటు

రిపేరు షాపు బల్ల మీద వాడి వాడి నల్లబడ్డ వెదురు ఫ్లూటు ఉంది. దాని మీద పెన్సిలుతో చిన్న సున్నా చుట్టి ఉంది.

"ఆ గుర్తు దగ్గర ఇంకో బెజ్జం పెట్టు అబ్బాయ్."

"మాస్టారూ, ఇది మా నాన్న చేత్తో చేసిన ఫ్లూటు. నలభై ఏళ్లుగా మీరు దీంతోనే కచేరీలు చేస్తున్నారు."

"అందుకే నీ దగ్గరికి తెచ్చాను."

"వేళ్లు అందట్లేదా? చిన్నది చేసిస్తాను."

"వేళ్లు బానే ఉన్నాయి. నాక్కావాల్సిన స్వరమే ఇందులో లేదు."

"డెబ్బై ఆరేళ్లొచ్చాక కొత్త స్వరం ఎందుకండీ? జనం మీ పాత పాటలే అడుగుతారు."

"అవి వాయిస్తుంటే నాకే నిద్రొస్తోంది."

"బెజ్జం పెట్టాక అవి దీనిమీద పలకవు. మైనంతో పూడ్చినా పాత గొంతు రాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు."

"నేను తెచ్చిన ఆ సంచీ విప్పు."

"అన్నీ కొత్త ఫ్లూట్లే! వీటికి ఇలా బెజ్జాలు పొడిచిందెవరు?"

"నేనే. పదకొండు పాడుచేశాను. పన్నెండోది పలికింది. విను."

ఆయన ఊదాడు. షాపతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇలాంటిది నేనెక్కడా వినలేదండీ. మరి ఇదే వాయించుకోవచ్చుగా? నాన్న చేసినదాని జోలికెందుకు?"

"దీని గొంతు ఇంకా పచ్చిగా ఉంది. నలభై ఏళ్లు వాయిస్తే పండుతుంది. నాకంత తీరిక లేదు."

"సరే. గట్టిగా పట్టుకోండి. చెయ్యి వణికితే వెదురు చీలిపోతుంది."

"ఆ వణికేది నా చెయ్యి కాదు నాయనా, నీది."